నేవీలో పనిచేసి, రిటైరయ్యాక కాలనీకి అండగా నిలిచిన పెద్దాయన సంస్మరణ సంచిక: తప్పుల్లేకుండా ఎలా తేవాలి?

సంఘం_సెక్రటరీ అడిగిన ప్రశ్న:

విశాఖలో మా కాలనీ సంఘాన్ని ముప్పయ్యేళ్లు భుజాన మోసిన పెద్దాయన నిరుడు పోయారు. నేవీ మనిషి. వర్ధంతికి చిన్న సభ పెట్టి, 20 పేజీల సంస్మరణ సంచిక వేయాలని సంఘం తీర్మానించింది. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు, డిశ్చార్జి బుక్కు (ఆయన సర్వీసు వివరాలుండే పుస్తకం) చూపిస్తామన్నారు. ఇంకా మూడు నెలల టైముంది.

మాకు తెలిసినంతలో వివరాలివి. 1966లో పదహారేళ్లకే బాయ్ ఎంట్రీలో చేరారు. విశాఖలోని సర్కార్స్ స్థావరంలో శిక్షణ. ఇంజిన్ శాఖ. 1971 యుద్ధమప్పుడు విమానవాహక నౌక విక్రాంత్ మీద ఉన్నారు. 1988లో చీఫ్ పెట్టీ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆ తర్వాత కాలనీయే లోకం. తుపాను వస్తే ముందు దిగేది ఆయనే. రక్తదానం, పిల్లలకు ఈత నేర్పడం, బోరు మోటార్లు అన్నీ ఆయన చేతిమీదే. మాట కరుకు. చెప్పిన టైముకు రాకపోతే ఎవరినైనా కడిగేసేవారు. అర్ధరాత్రి తలుపు తట్టినా చెప్పులేసుకుని వెంట వచ్చేవారు.

వచ్చిన వ్యాసాల నిండా ధీరుడు, కర్మయోగి, అజాతశత్రువు అనే మాటలే. వాటి పక్కన ఏ పెద్దమనిషి ఫొటో పెట్టినా అతికిపోతుంది. ఒకరు పాకిస్తాన్ జలాంతర్గామి గురించి "ఘాజీని ముంచిన బృందంలో ఉన్నారు" అని రాశారు, ఇంకొకరు "రెండొందల సార్లు రక్తం ఇచ్చారు" అన్నారు. ఇంట్లో ఐదు పతకాలున్నాయి, ఏది దేనికో పిల్లలకు తెలియదు. సభలో ఆయన ఫొటో మీద త్రివర్ణ పతాకం కప్పి, ముఖ్య అతిథి చేత తీయించాలని కొందరి కోరిక. ఇవన్నీ ఎలా సరిచూసుకోవాలి? ఆయన కరుకుదనం గురించి అసలు రాయవచ్చా?

---

లంగరు_తాడు:

ముందు డిశ్చార్జి బుక్కు పట్టుకోండి. అది చేతిలోకి రాకుండా ఒక్క వాక్యం కూడా ఖాయం చేయవద్దు. ఒరిజినల్ ప్రెస్సుకు గానీ సంఘం ఆఫీసుకు గానీ పోకూడదు. కుటుంబ పింఛను పనుల్లో ఇంట్లోవాళ్లకు దాంతో ఎప్పుడు అవసరం పడుతుందో చెప్పలేం. వాళ్లింట్లోనే కూర్చుని ప్రతి పేజీ ఫొటో తీసుకుని వచ్చేయండి.

అందులోంచి తీయాల్సినవి: చేరిన తేదీ, శాఖ, ఒక్కో పదోన్నతి తేదీ, ఏ ఓడ మీద ఎప్పటినుంచి ఎప్పటివరకు, పతకాల నమోదు, విడుదలైన తేదీ. వీటిని ఒక కాగితం మీద సంవత్సరాల వరసలో రాస్తే సగం సందేహాలు తీరిపోతాయి.

ఇక ఘాజీ సంగతి. అది మునిగింది 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి, విశాఖ రేవు బయట. మన నౌకాదళం లెక్కలో ఆ ఘనత డెప్త్ చార్జీలు (నీళ్ల లోతులో పేలే బాంబులు) వేసిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌ది. లోపలి పేలుడు వల్లో, తను పెట్టిన మైన్ల వల్లో మునిగిందని పాకిస్తాన్ వాదన. ఎవరి మాట నిజమైనా విక్రాంత్ ఆ రాత్రి విశాఖలో లేదు. దాన్ని ముందే అండమాన్ వైపు పంపేశారు. ఘాజీ వెతుకుతూ వచ్చింది ఆ ఓడ కోసమే. కాబట్టి మీ పెద్దాయన విక్రాంత్ మీద ఉంటే ఘాజీ దగ్గర లేనట్టే. సినిమాలో జలాంతర్గామి ముంచినట్టు చూపించారు గనక జనం నోళ్లలో అన్నీ కలిసిపోయాయి. ఆ వాక్యం తీసేయండి.

తీసేస్తే ఆయన స్థాయి తగ్గుతుందని ఎవరైనా బాధపడితే ఈ సంగతి చెప్పండి. 1971లో విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లొచ్చాయి. మన దేశంలో బాగుచేసే వీలు అప్పట్లో లేదు. దాన్ని ఆపేసి, మిగతా మూడింటితోనే, వేగం బాగా తగ్గించుకుని యుద్ధానికి దిగారు. విమానవాహక నౌకకు వేగమే ప్రాణం. ఓడ గాలికి ఎదురుగా ఎంత జోరుగా పోతే విమానం లేవడం అంత తేలిక. ఆ లోటు మీదే డిసెంబరు 4న సీహాక్ విమానాలు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. పై డెక్కు మీద విమానాలు లేస్తుంటే, కింద ఆ వేడిలో ఆవిరి పీడనం పడిపోకుండా నిలబెట్టింది ఇంజిన్ శాఖ వాళ్లే. ఆయన ఆ నెలలో నిజంగానే విక్రాంత్ మీద ఉన్నట్టు బుక్కులో తేదీలు చెబితే, సంచికలో దీనికో పూర్తి పేజీ ఇవ్వండి. ఆయన గట్టిదనం గురించి ఇంతకంటే బలమైన మాట మీకు దొరకదు.

నేవీవాళ్ల గురించి రాసేటప్పుడు తరచూ దొర్లే పొరపాట్లు కొన్నున్నాయి. పేరు ముందు ఐఎన్‌ఎస్ ఉన్నవన్నీ ఓడలు కావు. సర్కార్స్, డేగా, కళింగ, వీరబాహు, శాతవాహన ఇవన్నీ ఒడ్డున ఉన్న స్థావరాలు. "ఐఎన్‌ఎస్ సర్కార్స్ యుద్ధనౌకపై సముద్రాలు దాటారు" అని అచ్చయితే సభకు వచ్చిన పాత నావికులు మొదటి పేజీలోనే సంచిక మూసేస్తారు.

ఓడల పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. పాత విక్రాంత్ 1961లో చేరి 1997లో విరమించింది. కొత్తది 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో చేరింది. నెట్‌లో విక్రాంత్ అని వెతికితే ముందు వచ్చేది కొత్తదాని ఫొటో. రాజ్‌పుత్ కూడా రెండు: 1971 నాటి పాత డిస్ట్రాయర్ ఒకటి, 1980లో చేరి 2021లో విశాఖలో విరమించినది ఇంకొకటి. కాలం చూసుకుని ఫొటో పెట్టండి.

నౌకాదళ పతాకం కూడా అంతే. 1950 నుంచి 2001 వరకు తెల్లటి జెండా మీద ఎర్ర శిలువ గీతలు, పై మూల త్రివర్ణం ఉండేవి. మీ పెద్దాయన సర్వీసంతా దాని కిందే గడిచింది. తర్వాత అది 2001లో, 2004లో, 2014లో, చివరికి 2022లో మారింది. నీలం అష్టభుజి ఉన్న ఇప్పటి పతాకాన్ని ఆయన యువకుడిగా ఉన్న ఫొటో పక్కన వేస్తే కాలం తప్పుతుంది.

హోదా రాసే తీరు: ముందు హోదా, తర్వాత పేరు, పేరు తర్వాత రిటైర్డ్. బుక్కులో హోదా పొడి అక్షరాల్లో ఉంటుంది. పీఓఎంఈ అంటే ఇంజిన్ శాఖలో పెట్టీ ఆఫీసరు, ఈఆర్ఏ అంటే ఇంజిన్ రూమ్ ఆర్టిఫిషర్, అంటే ఇంజిన్ గది సాంకేతిక నిపుణుడు. మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసర్లలో కొందరికి జనవరి 26, ఆగస్టు 15 తేదీల్లో గౌరవ సబ్ లెఫ్టినెంట్, గౌరవ లెఫ్టినెంట్ హోదాలిస్తారు. అలాంటివారి పేరు ముందు 'గౌరవ' అన్న మాట వదిలేయకూడదు. మీ ఆయన చీఫ్ పెట్టీ ఆఫీసరే అయితే అంతే రాయండి, పైకి నెట్టవద్దు. ఇరవై రెండేళ్లు కింద నుంచి ఎక్కి వచ్చిన హోదా అది. ఏ అలంకారమూ అక్కర్లేదు.

సర్వీసు నంబరు పూర్తిగా అచ్చు వేయవద్దు.

---

రిబ్బన్_బార్:

పతకాల విషయం నేను చెబుతాను. ముందుగా ఒక విన్నపం: వాటిని బ్రాసో పెట్టి తోమవద్దు. పతకం అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. తోమినకొద్దీ ఆ అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

ఆ అంచునే భూతద్దం పెట్టి చదవండి. నంబరు డిశ్చార్జి బుక్కుతో కలిస్తే అది ఆయనకు ఇచ్చినదే. అంచు నున్నగా ఉంటే బయట కొన్న నకలు కావచ్చు. అసలు పోగొట్టుకుని నకలు కట్టించుకునేవాళ్లు చాలామంది ఉంటారు, అందులో తప్పేమీ లేదు. అలాంటప్పుడు బుక్కులో నమోదు ఉందా లేదా అన్నదే చూడాలి.

1966-88 మధ్య పనిచేసి, 1971లో తూర్పు సముద్రంలో ఉన్న నావికుడి దగ్గర సాధారణంగా ఉండేవి: పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, తొమ్మిదేళ్ల సర్వీసు పతకం, ఇరవై ఏళ్ల సర్వీసు పతకం. లెక్క ఐదుకు సరిపోతోంది గానీ, చూడకుండా ఇవేనని నేను అనను. పశ్చిమ తీరంలో ఉన్నవాళ్లకు పూర్వీ బదులు పశ్చిమీ స్టార్ వచ్చింది. సంగ్రామ్ మెడల్ ఆ కాలంలో సర్వీసులో ఉన్నవాళ్లకు విస్తృతంగా ఇచ్చినది, దాన్ని శౌర్య పతకమని రాయకూడదు. స్టార్లు కూడా రంగంలో పాల్గొన్నందుకు ఇచ్చినవే. "రాష్ట్రపతి చేతుల మీదుగా శౌర్య పురస్కారం" లాంటి వాక్యం ఎవరి వ్యాసంలోనైనా ఉంటే గెజిట్ కాగితం చూపించమని అడగండి.

ఉండకూడనివి ఉంటే కూడా కనిపెట్టవచ్చు. రక్షా మెడల్, సమర సేవా స్టార్ 1965 యుద్ధానివి, 1966లో చేరినవారికి రావు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ పతకం 1997 నాటిది, 1988లో రిటైరైనవారికి రాదు. పతకాలు కట్టే దుకాణంలో వరస నింపడానికి ఒకటి అదనంగా తగిలించిన సెట్లు కనిపిస్తూనే ఉంటాయి.

పాత ఫొటోల్లో చేతి మీది గుర్తులు కూడా చదవండి. ఒక లంగరు ఉంటే లీడింగ్ హోదా (పెట్టీ ఆఫీసరుకు కింది మెట్టు), అడ్డంగా కలిసిన రెండు లంగర్లుంటే పెట్టీ ఆఫీసరు. ఎడమ చేతి మీద కిందికి తిరిగిన చారలు మంచి నడవడికి ఇచ్చేవి. ఆర్మీ చారల్లాగే ఉంటాయి గనక, వాటిని చూసి నాయక్ అనో హవల్దార్ అనో రాసేస్తారు. ఈ గుర్తులను బుక్కులోని పదోన్నతి తేదీలతో పోలిస్తే తేదీ లేని ఫొటో ఏ సంవత్సరాల మధ్యదో తేలుతుంది.

---

జెండా_నియమం:

త్రివర్ణం కప్పి ఫొటో ఆవిష్కరించడం కుదరదు. 2002 జెండా నియమావళి ప్రకారం విగ్రహానికో స్మారకానికో ముసుగుగా జాతీయ జెండా వాడకూడదు. బల్ల మీద పరచకూడదు, వేదికకు చుట్టకూడదు, దాని మీద ఏ అక్షరాలూ రాయకూడదు. కాబట్టి ముఖచిత్రం మీద జెండా బొమ్మ వేసి దానిపై ఆయన పేరు అచ్చు వేసే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. పార్థివ దేహంపై జెండా కప్పడం ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియలకే పరిమితం. కాలనీలో జెండాను సగానికి దించడం కూడా సంఘం సొంతంగా నిర్ణయించేది కాదు, దానికి ప్రభుత్వ ఆదేశం ఉండాలి.

ఫొటో మీద ముదురు నీలం గుడ్డ కప్పండి. జెండా ఎగరేయాలనుకుంటే పక్కన స్తంభానికి, కాషాయం పైకి వచ్చేలా సరిగ్గా కట్టి ఎగరేయండి. ఫ్లెక్సీ మీద మాత్రం జెండా వద్దు. మర్నాడు ఆ ఫ్లెక్సీ ఎక్కడ తేలుతుందో మనకు తెలుసు.

నౌకాదళ చిహ్నంలో సింహాల రాజముద్ర ఉంటుంది. దాని వాడకానికి 2005 నాటి చట్టం ఉంది. ఆహ్వానపత్రం మీద మామూలు లంగరు బొమ్మ చాలు.

---

మాట_పొదుపు:

కరుకుదనం గురించి తప్పకుండా రాయాలి. అది తీసేస్తే మిగిలేది ఆయన కాదు. అయితే "కఠినంగా ఉండేవారు" అన్న మాట దేనికీ పనికిరాదు. ఏ విషయంలో, ఎవరి మీద, ఎందుకు అన్నది రాయాలి. ఈత నేర్పేటప్పుడు పిల్లలను కేకలేసేవారంటే ఏ తప్పుకు? తోడు లేకుండా నీళ్లలో దిగినందుకా, నేర్పుతున్నప్పుడు మధ్యలో మాట్లాడినందుకా? ఆ ఒక్క వివరం తెలిస్తే చదివేవాడికి ఆ కేక వెనకున్న భయం అర్థమవుతుంది. పద్ధతిగా వాచీ (వంతులవారీ డ్యూటీ) నడిచే ఇంజిన్ గదిలో ఒకడు ఆలస్యమైతే ముందువాడు దిగలేడు. ఇరవై రెండేళ్లు అలా బతికిన మనిషి టైము దగ్గర ఎందుకు రాజీపడలేదో వేరే వివరించక్కర్లేదు. అజాతశత్రువు అన్న మాట మాత్రం కొట్టేయండి, అందరినీ కడిగేసిన మనిషికి అది నప్పదు.

జ్ఞాపకాలు అడిగేటప్పుడు "ఆయన గురించి నాలుగు మాటలు రాసివ్వండి" అనకండి. అలా అడిగితే విశేషణాలే వస్తాయి. ఒక్కొక్కరినీ ఒకే ఒక్క సంఘటన అడగండి: ఏ రోజు, ఎక్కడ, చేతిలో ఏముంది, ఏం అన్నారు, చివరికి పని అయ్యిందా. ఫోనులో రికార్డు చేసి, వాళ్ల మాటల్లోనే ఎత్తి రాసి, అచ్చుకు ముందు వాళ్లకే చదివి వినిపించండి. ఒక్కో జ్ఞాపకం 150 మాటలు దాటకుండా కత్తిరిస్తే చాలామందికి చోటు దొరుకుతుంది.

తుపాను సంగతి రాస్తే తేదీతో రాయండి. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. ఆ తర్వాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే బోరు మోటారు తిరగదు, ట్యాంకులో నీళ్లుండవు. ఆ రోజుల్లో ఆయన జనరేటరు తెప్పించి మోటార్లకు కలిపి ఉంటే ఏ బ్లాకుకు ముందు నీళ్లు ఎక్కించారు, డీజిలు ఎక్కడినుంచి తెచ్చారు, రోజుకు ఎన్ని గంటలు నడిపారు అని అప్పటి వాచ్‌మన్‌ను, ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఇలాంటివి సంఘం పెద్దల కంటే వాళ్లకే బాగా గుర్తుంటాయి. సంఘం మినిట్స్ పుస్తకం, ఖర్చుల రసీదులు కూడా తిరగేయండి.

రక్తదానం రెండొందల సార్లన్నది నిలవదు. మగవాళ్లు మూడు నెలలకోసారే ఇవ్వాలి, అంటే ఏడాదికి నాలుగు. వయసు 18 నుంచి 65 లోపు ఉండాలి. 1966లో పదహారేళ్లంటే పద్దెనిమిది నిండేది 1968 ప్రాంతంలో, అరవై అయిదు 2015 ప్రాంతంలో. నలభై ఏడేళ్లు ఒక్కసారి కూడా తప్పకుండా ఇచ్చినా 188. సముద్రం మీద ఉన్న కాలం, జబ్బుపడిన కాలం తీస్తే ఇంకా తగ్గుతుంది. దాత కార్డులు, సర్టిఫికెట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి "దొరికిన కార్డుల ప్రకారం ఇన్నిసార్లు" అని రాయండి. అరవై సార్లని తేలినా అది చాలా గొప్ప అంకె.

ఆయన సాయం పొందినవాళ్ల పేర్లు, ముఖ్యంగా డబ్బు సాయమైతే, వాళ్లను అడగకుండా వేయకండి.

---

సంఘం_సెక్రటరీ:

అందరికీ ధన్యవాదాలండీ. బుక్కు చూశాం. 1971లో విక్రాంత్ తేదీలు సరిపోయాయి, ఘాజీ వాక్యం తీసేశాం. పతకాల అంచులు చదువుతున్నాం. ఇంకో రెండు విషయాలు. యూనిఫాంలో ఆయన ఫొటో ఒక్కటే ఉంది, పాస్‌పోర్టు సైజుది, దాన్నే సభలో పెద్దగా పెట్టాలి. ప్రెస్సు అతను మ్యాటరు వాట్సాప్‌లో పంపమంటున్నాడు. సభలో పూలదండలు, ఉపన్యాసాలతో పాటు ఆయనకు తగ్గట్టు ఇంకేం చేయవచ్చు?

---

డీటీపీ_శేషు:

పాస్‌పోర్టు ఫొటో వెడల్పు 35 మిల్లీమీటర్లు, అంటే అంగుళం, ఇంకో ఐదింట రెండొంతులు. దాన్ని 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేస్తే దాదాపు 1650 పిక్సెల్స్ వస్తాయి. 300 డీపీఐ ప్రింటుకు అయిదున్నర అంగుళాల వెడల్పు దాకా శుభ్రంగా ఉంటుంది. ఎనిమిది అంగుళాలకు పెంచితే 200 డీపీఐకి పడుతుంది, గోడ మీద పెట్టి దూరం నుంచి చూడటానికి ఫర్వాలేదు. అంతకు మించి సాగదీయవద్దు. ఫోనుతో తీసిన ఫొటో వద్దు, ఫ్లాట్ స్కానర్ మీదే పెట్టించండి. ఆల్బంలో అంటుకుపోయి ఉంటే లాగకుండా పేజీతో సహా స్కాన్ చేయించండి. ఏఐ యాప్‌లో పెట్టి పదును పెంచితే ముఖం మారిపోతుంది, చేతి మీది లంగరు గుర్తు కూడా గజిబిజి అవుతుంది. ముఖం మీద గీతలుంటే చేత్తో సరిచేసేవాళ్లకు ఇవ్వండి.

ఫొటోలను వాట్సాప్‌లో పంపాల్సివస్తే డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది.

మ్యాటరు మీరు యూనికోడ్‌లో టైపు చేస్తారు, ప్రెస్సులో డీటీపీకి వాడే పాత తరహా అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలోనే ఒత్తులు ఎగిరిపోతాయి, అరసున్నలు, విసర్గలు తారుమారవుతాయి, అంకెలు పక్కకు జరుగుతాయి. అందుకే ప్రూఫు మీ ఫైలులో దిద్ది ఊరుకుంటే చాలదు. మార్చిన తర్వాతి పేజీలు కాగితం మీద తీయించి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అసలు ప్రతితో పోల్చాలి. పేర్లు, తేదీలు, ఓడల పేర్లు విడిగా ఇంకోసారి చూడండి.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, కాబట్టి 16, 20 లేదా 24. చదివేవాళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ గనక అక్షరం చిన్నది చేసి పేజీలు మిగల్చవద్దు. అంచుదాకా వెళ్లే ఫొటోలకు మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలండి, లేకపోతే కోతలో తెల్ల గీత కనిపిస్తుంది.

---

లంగరు_తాడు:

సభలో ఉపన్యాసాలు తగ్గించి గంట కొట్టించండి. ఓడ మీద నాలుగు గంటల వాచీలో ప్రతి అరగంటకూ ఒక దెబ్బ పెరుగుతూ, వాచీ ముగిసేసరికి ఎనిమిది దెబ్బలవుతాయి. నావికుడు పోయినప్పుడు ఎనిమిది దెబ్బలు కొట్టడం ఆ ఆచారం నుంచే వచ్చింది. ఎనిమిదీ ఒకే ఎడంతో కొట్టకూడదు. జంటలుగా కొట్టాలి: రెండు వెంటవెంటనే, కాస్త ఆగి మళ్లీ రెండు, అలా నాలుగు జంటలు. ఇత్తడి గంట ఏదైనా వేలాడదీసి, నాలుక తాడు పట్టుకుని కొట్టడం ముందురోజు సాధన చేయించండి. ఆయన దగ్గర ఈత నేర్చుకున్న పిల్లల్లో ఒకరి చేత కొట్టిస్తే బాగుంటుంది. రెండు నిమిషాల మౌనం గంట తర్వాత పెట్టండి, మైకు ఆపేసి.

రక్తదాన శిబిరం పెడితే లైసెన్సున్న బ్లడ్ బ్యాంకుతో నెల ముందే మాట్లాడి, ఎన్ని యూనిట్లు తీసుకోగలరో వాళ్లనే చెప్పమనండి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిల్వ ఉంటాయి, ఎర్రకణాలు కలిపిన నిల్వ ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు. పేరు కోసం ఒకేరోజు వందలమందిని పిలిస్తే తీసుకున్న రక్తం పారబోయాల్సి రావచ్చు. దాత బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆడవాళ్లకు రెండు దానాల మధ్య నాలుగు నెలల ఎడం ఉండాలి. వర్ధంతి కదా అని ఉపవాసంతో వచ్చేవాళ్లుంటారు, వాళ్లకు ముందు తినిపించండి. ఖాళీ కడుపుతో ఇస్తే కళ్లు తిరిగి పడతారు. ఇచ్చాక పావుగంట కూర్చోబెట్టి, నీళ్లు తాగాకే పంపండి.

ఆయన చేసిన పనుల జాబితా ఒకటి తయారుచేసి సంచిక చివరి పేజీలో వేయండి. మోటార్ల సర్వీసింగ్ ఎప్పుడెప్పుడు, ట్యాంకు కడగడం ఎన్నాళ్లకోసారి, తుపాను హెచ్చరిక వస్తే ఏ తాళాలు ఎవరి దగ్గర, జనరేటరుకు ఎవరికి ఫోను చేయాలి, ఈత తరగతికి తోడు ఎవరు. ప్రతి పనికి ఎదురుగా ఇప్పుడు దాన్ని తీసుకున్నవాళ్ల పేరు వాళ్లను అడిగి రాయండి. ఎవరూ ముందుకు రాని పని ఉంటే ఆ గడి ఖాళీగానే అచ్చు వేయండి, సభ రోజు పెన్నుతో నింపుకోవచ్చు.